సగం కోసిన దుంగ

రోజూ పొద్దున్నే గోతక్క చేసే మొదటి పని పొయ్యి వెలిగించడం కాదు. కొయ్యసుత్తి పట్టుకుని ఇంటి వెనకనున్న కోతగొయ్యి దగ్గరికి వెళ్తుంది. మనిషి నిలబడితే తల కూడా కనబడనంత లోతు గొయ్యి అది. దాని మీద అడ్డంగా దూలాలు, ఆ దూలాల మీద పొడుగ్గా ఒక దుంగ. ఒక చివర మొదలుపెట్టి దుంగను నడిమి దాకా కోసి వదిలేశారు. కోసిన సందు మూసుకుపోకుండా అందులో ఒక చెక్క చీల దిగగొట్టి ఉంది. పచ్చి కలప ఊరుకోదు. చలికి బిగుసుకుంటుంది, ఎండకు వదులవుతుంది, ఆ కదలికలో చీల కొంచెం కొంచెంగా పైకి తేలుతుంది. గోతక్క దాన్ని సుత్తితో మెల్లగా దించి, సందులోకి ఒకసారి ఊది, లోపల చేరిన ఆకునో చీమనో దులిపి, గోనెపట్టా మళ్ళీ కప్పి వస్తుంది.

ఇదంతా ఆమె అత్త పెరటి గుమ్మంలో కూర్చుని చూస్తుంది.

"దుంగకి పాలు పట్టడం అయిందా కోడలా?"

"అయింది అత్తా. నీకే ఇంకా కాలేదు," అంటుంది గోతక్క పొయ్యి దగ్గరికి పోతూ.

ఆ దుంగను నడిమి దాకా కోసింది గోతక్క, ఆమె భర్త. మిగతా సగం కోయాల్సిన భర్త పట్నంలో, మత్తు మాన్పించే కేంద్రంలో ఉన్నాడు.

గోతక్క అన్నది ఊరు పెట్టిన పేరు. పెద్దరంపం ఇద్దరి పని. ఒకరు దుంగ మీద నిలబడాలి, ఒకరు గోతిలో దిగాలి. గోతిలో దిగేది ఆమె కాబట్టి గోతక్క. దుంగ మీద నిలబడేది భర్త కాబట్టి అతను పైనాయన. "అందరికీ పైనుండేది దేవుడు, మా కోడలికి మాత్రం నా కొడుకు" అని అత్త వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

పైమనిషి రంపాన్ని ఎత్తుతాడు, కిందిమనిషి లాగుతుంది. ఎత్తేటప్పుడు కోత పడదు. లాగినప్పుడే పళ్ళు చెక్కను కొరుకుతాయి. కానీ రంపాన్ని గీత మీద నడిపించేది పైమనిషే. గోతిలో ఉన్నవాళ్ళకు గీత కనబడదు, మీద రాలే పొట్టు కనబడుతుంది. అందుకే ప్రతిసారీ రంపం ఆడించబోయే ముందు పైమనిషి "కళ్ళు" అని ఒక కేక వేయాలి. తల వంచుకో, పొట్టు పడుతుంది అని. ఆ కేక వేయనివాడు పైనుంటే గోతిలో దిగొద్దని గోతక్క తండ్రి అనేవాడు.

ఆ తండ్రి కోతపనివాడు. కొడుకులు లేక కూతురిని గోతిలో దించాడని ఊళ్ళో అనుకున్నారు. అది నిజం కాదు. ఆ పిల్ల చేతిలో రంపం మాట వినేది, అందుకు దించాడు. వయసు మీదపడి తను దుంగ ఎక్కలేకపోయినప్పుడు, పైన నిలబడడానికి కలప అడితిలో దుంగలు మోసే ఒక కుర్రాడిని తీసుకొచ్చాడు. వాడి చూపు తిన్నగా ఉండేది. మొదటి రోజు ఆ కుర్రాడు దుంగ ఎక్కి, పిడి పట్టుకుని, గోతిలో ఉన్నది ఆడపిల్ల అని చూసి తడబడి, "కళ్ళండీ!" అన్నాడు.

తండ్రి పగలబడి నవ్వాడు. "రంపం పనికి మర్యాదలేంట్రా? అండీ అండీ అంటూ కూర్చుంటే చెక్క ఎప్పుడు తెగాలి?"

"అలవాటు లేదు పెద్దాయనా. మెల్లగా నేర్చుకుంటా."

గోతిలోంచి ఆ పిల్ల అంది: "ఉండనీ నాన్నా. నన్ను అండీ అనేవాళ్ళు ఎక్కడున్నారు కనక!"

వాళ్ళు సరిగా మాట్లాడుకోవడం మొదలయ్యేసరికే ఒకరి చెయ్యి ఒకరికి బాగా తెలుసు. అతనికి ఆకలేస్తే రంపం కుదుపుగా పైకి లేచేది. ఆమెకు కోపం వస్తే కిందికి విసురుగా పోయేది. పెళ్ళయ్యాక కూడా చాలా సంగతులు వాళ్ళు అలాగే చెప్పుకున్నారు. వాళ్ళ దగ్గర పలకలు కోయించుకునే పడవల మేస్త్రికి ఈ విషయం తెలుసు. గోతక్క అతన్ని బాబాయ్ అంటుంది. అతను పలక తీసుకునే ముందు దాన్ని ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, అంచు వెంట చూస్తాడు. ఎక్కడైనా కొంచెం అలలా ఉంటే, "ఇదిగో, ఇక్కడ పోట్లాడుకున్నారు. ఇక్కడికొచ్చేసరికి రాజీ పడ్డారు," అనేవాడు. చాలాసార్లు అది నిజమే అయ్యేది.

ఊరి చివర కరెంటు మిల్లు వచ్చాక కోతగోతులు ఒక్కొక్కటే చెత్తతో పూడిపోయాయి. మిల్లు బల్ల మీద పట్టనంత పొడుగు దుంగలు మాత్రమే చేతి రంపానికి మిగిలాయి. అవి పడవలకు తప్ప దేనికీ అక్కర్లేదు. కోత లేని రోజుల్లో పైనాయన మళ్ళీ అడితిలో మోతకు పోవడం మొదలుపెట్టాడు. పడుచుతనంలో మోసిన వీపు కాదది. నడుము పట్టేసింది. మోతపని ఏ రోజుకారోజు. ఇవాళ నొప్పని పడుకుంటే రేపు ఆ చోటులో ఇంకొకడు ఉంటాడు.

అడితి ఎదురుగా ఒక టీకొట్టు ఉంది. అక్కడ బిస్కట్ సీసాల వెనక రేకుడబ్బాలో తెల్లబిళ్ళలు ఉండేవి. ఆపరేషన్ అయినవాళ్ళకు డాక్టరు చీటీ మీద ఇచ్చే నొప్పిబిళ్ళలు. టీకొట్టులో చీటీ అడిగేవారు లేరు. టీతో పాటు ఒకటి వేసుకుంటే బరువు తెలిసేది కాదు, ఆకలి తెలిసేది కాదు, ఇంటికి ఏం పట్టుకెళ్ళాలన్న బెంగ కూడా తెలిసేది కాదు. ముందు మోతవాళ్ళు వేసుకున్నారు. వాళ్ళను చూసి పని దొరకని కుర్రాళ్ళు. తర్వాత, మంచాన పడ్డ మొగుళ్ళ బదులు మోతకు వచ్చిన ఆడవాళ్ళు. "మన వీధిలో బిళ్ళ వేసుకోకుండా నిలబడింది కరెంటు స్తంభం ఒక్కటే. అదీ ఓ పక్కకి ఒరిగింది," అనేది అత్త. అప్పటికి ఆమెకు తన కొడుకు సంగతి తెలియదు.

గోతక్కకు తెలుసు. మొదట్లో అది మంచి కబురులాగే వచ్చింది. నొప్పి ఉన్న మనిషి ఎత్తితే రంపం నడిమధ్యలో ఒక్క క్షణం ఆగుతుంది, ఊపిరి అందుకుంటున్నట్టు. ఒక రోజు నుంచి ఆ ఆగడం లేదు. పొద్దున ఎలా ఎత్తాడో పొద్దుగూకేటప్పుడూ అలాగే ఎత్తాడు, పొడుగ్గా, నున్నగా.

"నడుము తగ్గినట్టుందే ఏమయ్యా!" అంది సంబరంగా.

"తగ్గింది."

కొన్నాళ్ళకు అతను కేక వేయడం మానేశాడు. పొట్టు వచ్చి ఆమె కళ్ళలో పడేది. "కళ్ళు అనాలి కదయ్యా!" అని అరిస్తే, "అన్నాను కదే" అనేవాడు. అబద్ధం ఆడడం లేదు. అన్నాననే అనుకుంటున్నాడు.

ఆ తర్వాత రంపం గీత తప్పసాగింది. పళ్ళ కింద చెక్క చప్పుడు మారుతుంది, పిడి ఒక పక్కకు బరువెక్కుతుంది. ఆ రెండిటినీ బట్టి గోతక్కకు చూడకుండానే తెలిసిపోయేది. కింద పిడిని లాగుతూనే కొంచెం మెలిపెడితే రంపం మళ్ళీ దారికి వస్తుంది. అతను తప్పినప్పుడల్లా ఆమె మెలిపెట్టింది. ఎవరికీ చెప్పలేదు, అతనికి కూడా. చెబితే చిన్నబుచ్చుకుంటాడని కొంత, పని పోతుందని కొంత. పలకలు తిన్నగా వచ్చాయి.

పడవల మేస్త్రి కన్ను మూసి అంచు వెంట చూసి, "ఈమధ్య మీ ఇద్దరికీ పోట్లాటలే లేవే!" అని మెచ్చుకున్నాడు. పైనాయన నవ్వాడు. పలక వంకరపోనప్పుడు బిళ్ళలో తప్పేముందన్న ధైర్యం అతనికి అక్కడే వచ్చింది. ఒకటి వేసుకునేవాడు గుప్పెడు వేసుకోవడం మొదలుపెట్టాడు. గోతక్క మణికట్టు వాచింది.

"చేతికేమైందే?" అంది అత్త.

"బిందె ఎత్తుతుంటే బెణికింది అత్తా."

అలాంటి రోజుల్లో పడవల మేస్త్రి ఆ దుంగ తెచ్చాడు. పడవ అడుగున ఈ కొస నుంచి ఆ కొస దాకా అతుకు లేకుండా పోయే పలకలు కావాలి. అంత పొడుగు మాను మళ్ళీ దొరకదు, జాగ్రత్త అని చెప్పి వెళ్ళాడు. కోత నడిమి దాకా వచ్చింది. ఆ మధ్యాహ్నం రంపం పైకి పోయి కిందికి రాలేదు. గోతక్క తలెత్తేలోపే పైనాయన ఆమె పక్కన పొట్టులో వచ్చి పడ్డాడు.

పడి, నవ్వాడు. "పడ్డానే," అన్నాడు, పరుపు మీద దొర్లినట్టు. ఒక భుజం కిందికి వేలాడుతోంది. మెడ పక్కన విరిగిన ఎముక చర్మాన్ని పైకి నెడుతోంది. అతను ఆ చేతినే ఆనించి లేవబోతున్నాడు, "పద పద, కోత ఆగిపోయింది," అంటూ. గోతక్కకు ఎముకను చూస్తే భయం వేయలేదు. ఆ నవ్వును చూస్తే వేసింది.

ఆసుపత్రిలో కట్టు కట్టిన నర్సు గోతక్కను పక్కకు పిలిచి, "రోజుకి ఎన్ని వేసుకుంటాడు?" అని అడిగింది.

"లెక్క తెలియదమ్మా. ఎక్కువే," అంది గోతక్క.

వెనకే నిలబడ్డ అత్త వింది. ఇంటికి చేరాక గడప దగ్గర ఆగి, "తెలిసీ నాకు చెప్పలేదు నువ్వు," అంది.

"పలక తిన్నగా వస్తోంది కదా అనుకున్నా అత్తా."

"పలక తిన్నగానే వచ్చింది. వాడే వంకరపోయాడు."

ఆ నర్సే చెప్పి అతన్ని పట్నంలోని కేంద్రానికి పంపించింది. బండి ఎక్కేటప్పుడు అతను ఇంటి వైపు చూడలేదు, పెరటి వైపు చూశాడు.

అతను వెళ్ళాక గోతక్కకు వీధిలో చిన్నాచితకా పనులు దొరికాయి. తలుపు చెక్కలు గీకడం, రంపాలకు ఆకురాయి పెట్టడం. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికి వచ్చినప్పుడు అప్పుడప్పుడు ఉత్తినే గోతిలోకి దిగేది. దుంగ మీద పట్టా తీసి ఉంచితే, కోసిన సందులోంచి ఎండ లోపలికి దిగి గోతి అడుగున ఒక గీతలా పడేది. ఇన్నేళ్ళ పనిలో గోతిలో నిలబడి ఆమె ఎప్పుడూ గీతను చూడలేదు. ఇప్పుడు అది నడిమి దాకా వచ్చి ఆగిపోయి కనబడేది. దాని పక్కన పొట్టులో కూర్చునేది. చల్లటి పొట్టు వాసన, పైన ఖాళీ. ఆమె మనసు లాగేది ఆ చివరి రోజుల నున్నటి కోత మీదికి కాదు. అంతకు ముందటి కోత కావాలనిపించేది, నడిమధ్యలో ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగిన క్షణంలో పైన ఒక మనిషి ఉన్నాడని తెలిసేది.

కేంద్రానికి మొదటిసారి చూడబోయినప్పుడు రంపానికి పైపిడి ఊడదీసి గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్ళింది. గేటు దగ్గర కాపలాదారు విప్పి చూశాడు.

"ఇదేంటమ్మా, కర్ర తెచ్చావ్? మొగుణ్ణి కొట్టడానికా?"

"కొట్టాలంటే ఇంట్లో ఇంకా లావువి ఉన్నాయన్నా. ఇది రంపం పిడి. చేతిలో పట్టుకుంటాడని."

"రంపమా?" అతను లేచి నిలబడ్డాడు.

"పిడేనన్నా. పళ్ళు ఇంటి దగ్గర వదిలొచ్చా."

"పళ్ళున్నా లేకపోయినా లోపలికి పోనివ్వరు. నా దగ్గర పెట్టి పో."

లోపల రేకుల షెడ్డు కింద బల్ల మీద పైనాయన కూర్చుని ఉన్నాడు. చొక్కా వేలాడుతోంది. చేతులు వణుకుతుంటే తొడల కింద పెట్టుకున్నాడు. ఆమె పక్కన కూర్చుంది, మరీ దగ్గరగా కాదు, చుట్టూ జనం ఉన్నారు.

"దుంగ ఉందా?" అన్నాడు.

"ఉంది."

"బాబాయ్ తీసుకెళ్ళలేదూ?"

"సగం కోసినదాన్ని ఎత్తుకుని ఎక్కడికి పోతాడు?"

"చీల?"

"రోజూ దింపుతున్నా."

అతను తలూపాడు. "నడుము నొప్పి తిరిగొచ్చిందే. నేను పోయిందనుకున్నా. ఎక్కడికీ పోలేదట, లోపలే కూర్చుందట."

మణికట్టు సంగతి చెబుదామనుకుంది గోతక్క. అతని మొహం చూసి చెప్పలేకపోయింది. పోతూ పోతూ కాపలాదారుతో, "ఆ పిడి నీ దగ్గరే ఉంచన్నా. ఆయన బయటికొచ్చే రోజు ఆయన చేతికియ్యి," అంది. బస్సు దిగి నడుస్తుంటే టీకొట్టతను పలకరించాడు.

"బావ ఎలా ఉన్నాడు చెల్లెమ్మా? ఎప్పుడొస్తాడు?"

"ఏమన్నా, గిరాకీ పడిపోయిందా?"

"అదేం మాట! నేనేమన్నా నోరు తెరిచి వేశానా? నొప్పన్నాడు, ఇచ్చా. నేనివ్వకపోతే బస్టాండులో కొనుక్కుంటాడు."

"బస్టాండు దూరమన్నా. నీ కొట్టు దారిలోనే ఉంది."

అతను గ్లాసులు కడగడంలో పడిపోయాడు. ఆమె ముందుకు నడిచింది. ఇంకేమన్నా అనాలని ఉంది కానీ, ఇంట్లో దాచిపెట్టినదాంట్లో తన వంతు ఏమిటో తనకు తెలుసు.

ఎండలు ముదిరాయి. పడవల మేస్త్రికి తొందర పట్టుకుంది. వానలు పడి నది నిండేసరికి పడవ నీళ్ళ మీద ఉండాలి. ఒక రోజు పక్కూరి కోతపనివాడిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"పైన ఈయన నిలబడతాడు, కింద నువ్వు లాగు. మిగతాది కోసిపారేద్దాం."

కాదనడానికి దుంగ ఆమెది కాదు. గోతక్క కొత్త పిడి బిగించి గోతిలోకి దిగింది. పైనుంచి "కళ్ళూ!" అని ఖంగుమని కేక వినబడింది. చాలాకాలానికి గోతిలో వినబడ్డ కేక. ఆమె తల వంచుకుంది. కానీ ఆ గొంతు వేరు. రంపం వచ్చింది, పోయింది, చురుగ్గా, పొట్టిగా. కొన్ని లాగుళ్ళు లాగి ఆపేసి పైకి వచ్చింది.

"ఈయన మంచి పనివాడే బాబాయ్. కానీ ఈయనది పొట్టి కోత, మాది పొడుగు కోత. రెండూ కలిసేచోట మెట్టు పడుతుంది. పడవ అడుగున మెట్టుంటే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

మేస్త్రి దుంగ మీదికి వంగి సందులోకి చూశాడు. మెట్టు అప్పుడే మొదలై ఉంది, గోరంత.

"అక్క చెప్పింది నిజమే," అన్నాడు పక్కూరి అతను పిడి వదిలేస్తూ. "అయినా ఇంకొకరు సగం కోసిన దుంగ ఎక్కాలంటే నాకూ కాళ్ళు ఆడవు."

మేస్త్రి నిట్టూర్చాడు. "నీకు కావలసింది పలకా, మొగుడా?"

"పలక నీది బాబాయ్."

"మాటలకేం తక్కువ లేదు. సరే, మొదటి వాన దాకా చూస్తా. అప్పటికీ రాకపోతే నడిమికి నరికి మిల్లుకి తోలిస్తా. అతుకుల పడవే కట్టుకుంటా."

ఆ తర్వాత గోతక్క పొద్దున్నే దుంగను చూడడానికి ముందు ఆకాశాన్ని చూడడం మొదలుపెట్టింది. అత్త కూడా చూసేది, కానీ చూడనట్టు కూర్చునేది.

మబ్బులు కమ్మిన ఒక సాయంత్రం పైనాయన వీధి మలుపు తిరిగాడు. చంకలో గుడ్డసంచి, చేతిలో రంపం పిడి. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. టీకొట్టతను కేటిల్ ఎత్తి "రా బావా" అన్నట్టు చూపించాడు. అతను నేల చూపులు చూస్తూ దాటి వచ్చేశాడు.

"ఆ కాపలావాడు గేటుకి అడ్డగడియగా పెట్టుకున్నాడే దీన్ని," అన్నాడు పిడి గోతక్క చేతికిస్తూ. "ఇవ్వమంటే మొహం మాడ్చుకున్నాడు."

అత్త గుమ్మంలోంచి లేవలేదు. "వచ్చావా? చిక్కిపోయావు. నీ పెళ్ళాం ఆ దుంగని చూసుకున్నట్టు నన్ను చూసుకుని ఉంటే నేనీపాటికి పడుచుదాన్ని అయ్యేదాన్ని," అని, కొంగుతో మొహం తుడుచుకోవడానికి అటు తిరిగింది.

మర్నాడు ఆకాశం నల్లగా ఉంది, ఇంకా కురవలేదు. దుంగ మీద గీత ఎండకూ గాలికీ వెలిసిపోయింది. ఇద్దరూ మసిలో ముంచిన దారాన్ని చెరొక కొసా పట్టుకుని బిగించారు. పైనాయన మధ్యలో ఎత్తి వదిలాడు. నల్లటి కొత్త గీత పడింది. అతను దుంగ ఎక్కాడు. విరిగి అతికిన భుజం ఒక ఎత్తు దాకా లేచి అక్కడ ఆగిపోతోంది. గోతక్క దాన్ని చూసీ చూడనట్టు చీల తీసి, నిచ్చెన మీదుగా గోతిలోకి దిగింది. కింద పిడి పట్టుకుని కేక కోసం ఎదురుచూసింది.

కేక రాలేదు. రంపం లేచింది.

మొదట కుదురుగానే పోయింది. కాసేపటికి చప్పుడు మారింది. పిడి కుడి పక్కకు బరువెక్కింది. గోతక్క మణికట్టు దానంతట అదే మెలితిరగబోయింది. ఆమె దాన్ని బిగబట్టింది. ఉత్తినే లాగింది. ఇంకోసారి, ఇంకోసారి. పలక పోతోందని ఆమె ఒళ్ళంతా చెబుతోంది. అయినా మెలిపెట్టలేదు.

రంపం ఆగింది.

"కింద ఏం చేస్తున్నావే?"

"లాగుతున్నా."

"ఎప్పట్లా లేదు. గీత తప్పింది చూడు."

"నాకు కనబడదు కదయ్యా. చూడాల్సింది నువ్వు."

"ఎప్పుడూ ఇలా తప్పలేదే!"

"ఎప్పుడూ తప్పుతూనే ఉంది," అంది గోతక్క. "నువ్వు తప్పినప్పుడల్లా నేను కిందనుంచి తిప్పా. బిళ్ళలు మొదలైన కాడి నుంచీ. బిందె ఎత్తి బెణకలేదు నా చెయ్యి."

"తిన్నగా వచ్చిన ఆ పలకలన్నీ..." అన్నాడు.

"మనిద్దరివే. కానీ నువ్వు చూడాల్సింది నేను చూడనివ్వలేదు. ఇవాళ నేను తిప్పను."

"మేస్త్రి చూస్తే ఏమంటాడు?"

"ఇక్కడ పోట్లాడుకున్నారంటాడు. అననీ."

దుంగ మీద అడుగులు కదిలాయి. దూలం మీదికి, నేల మీదికి, పెరట్లోంచి బయటికి. తర్వాత రోడ్డు మీది కంకర చప్పుడు. ఆ రోడ్డు టీకొట్టుకే పోతుంది. ఇంకెక్కడికైనా కూడా పోతుంది, కానీ టీకొట్టు ముందొస్తుంది.

గోతక్క నిచ్చెన వైపు చూసింది. ఎక్కి వెనకాలే పరిగెత్తవచ్చు. చెయ్యి పట్టుకుని తిప్పుకు రావచ్చు. ఎక్కలేదు. రెండు చేతులతో పిడి పట్టుకుని అలాగే నిలబడింది. రంపం కోతలో నిటారుగా వేలాడుతోంది, దాని పై కొసన ఎవరూ లేరు. సందులోంచి వచ్చే వెలుతురు మసకబారింది. ఎక్కడో వాన పడుతున్న మట్టివాసన వచ్చింది. నాన్న ఉంటే ఏమనేవాడో అనుకుంది. కేక వేయనివాడు పైనుంటే గోతిలో దిగొద్దన్న మాట గుర్తొచ్చింది. తను దిగింది, ఇన్నేళ్ళు దిగుతూనే ఉంది. చేతులు తిమ్మిరెక్కాయి. పిడి వదల్లేదు.

కంకర మళ్ళీ చప్పుడైంది. అడుగులు పెరట్లోకి వచ్చాయి, దూలం ఎక్కాయి. ఆమె చెవులు రిక్కించింది. ఆ అడుగులను బట్టి ఏమీ తెలియలేదు. బిళ్ళ వేసుకున్న మనిషీ అలాగే నడుస్తాడు, మెత్తగా. ఏ మనిషి తిరిగొచ్చాడని అడగడానికి నోరు రాలేదు. అడిగినా ఏమంటాడో తెలుసు, ఆ మాటను నమ్మాలో వద్దో తెలియదు.

పైన పిడి మీద చేతులు పడ్డట్టు ఇనుము సన్నగా అదిరింది.

"కళ్ళండీ," అన్నాడు.

రంపం లేచింది. సగం దాకా లేచి, అక్కడ ఆగింది. పైనుంచి పళ్ళు బిగబట్టిన మూలుగు వినబడింది. ఒక్క క్షణం ఆగి, ఊపిరి అందుకుని, మిగతా సగం లేచింది, వంకరటింకరగా, వణుకుతూ. నొప్పి ఉన్న మనిషి ఎత్తే తీరు అది.

గోతక్క తొందరపడలేదు. అతను ఆగినచోట తనూ ఆగింది, తర్వాత మెల్లగా లాగింది. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. కేక విని కూడా ఆమె తల వంచుకోవడం మరిచిపోయింది. పొట్టు వచ్చి కళ్ళలో పడింది. తుడుచుకోవడానికి పిడి వదలకుండా, ఆమె అలాగే లాగింది.